నగల కొట్లో దొంగల రిహార్సలు

అమలాపురంలో నేను పనిచేసిన నగల కొట్టు యజమానికి భయం పేపర్లో వచ్చింది. ఎక్కడో దూరపు ఊళ్ళో ముసుగులు కట్టుకున్నవాళ్ళు పట్టపగలే నగల షాపులో దూరి దోచుకుపోయారన్న వార్త. అప్పటికి రెండువేల సంవత్సరం దాటిన కొత్త. మా ఊళ్ళో ముసుగు కట్టుకునేవాళ్ళు ఎవరైనా ఉంటే, వాళ్ళు దుమ్ముకి జడిసి మోపెడ్ నడిపేవాళ్ళే. అయినా ఆయన పేపరు మడిచి, "మనకీ ఒక ప్లాను ఉండాలమ్మా" అన్నారు.

ప్లాను కూడా ఆయనే వేశారు. దొంగ రాగానే నేను నా వెండి కౌంటరు కిందున్న మీట నొక్కాలి. సైరన్ మోగుతుంది. బయట కూర్చునే కాపలా మనిషి షట్టరు కిందికి లాగి తాళం వేస్తాడు. దొంగ బోనులో ఎలకలా చిక్కుకుంటాడు, పోలీసులు తీరిగ్గా వచ్చి పట్టుకుంటారు. ఇదంతా చెప్పి, మెచ్చుకుంటామేమోనని మా మొహాలవైపు చూశారు.

"మరి అప్పుడు మేం ఎక్కడుంటామండీ?" అని అడిగింది నా పక్క కౌంటరావిడ. ఆవిడకి ఏడో నెల.

"లోపలే ఉంటారమ్మా. కంగారు పడకూడదు."

బోనులో ఎలక పడాలంటే లోపల పకోడీ ముక్క గుచ్చుతారు. ఆ ముక్క మేమేనని అర్థమై నాకు ఒళ్ళు మండిపోయింది. కొట్టుకి వెనక ఒక తలుపుంది. దానికి లోపలివైపు తాళం, తాళంచెవి మాత్రం యజమాని మొలతాడుకి. ఆ దారిన మేం నగలు దాటించేస్తామని ఆయన అనుమానం. ఒక తాళంచెవి లోపల ఉంచమని అడిగాను. చూద్దామన్నారు. చూద్దామంటే లేదనే.

తర్వాత రిహార్సలు అన్నారు. దొంగ ఎవరు? పనివాళ్ళకిస్తే ఆ వేషం అలవాటైపోతుందేమోనని ఆయనకి బెంగ. చివరికి మండపేట నుంచి వచ్చి ఉన్న కొత్త అల్లుడుగారే ముచ్చటపడి ఒప్పుకున్నారు.

మొహానికి జేబురుమాలు కట్టుకుని, కొబ్బరి బోండాల కత్తి పట్టుకుని వచ్చారాయన. కాపలా మనిషి లేచి సెల్యూట్ కొట్టి తలుపు తీశాడు. మేమంతా లేచి నిలబడ్డాం. ఇంటల్లుడు వస్తుంటే కూర్చుని ఉంటే ఏం బాగుంటుంది?

"నేను దొంగనండీ," అన్నారాయన.

"ఆయ్, తెలుసండీ. కూర్చోండి బాబుగారూ. కాఫీ తీసుకుంటారా?" అంది నా పక్కావిడ.

కూర్చున్నారు. కాఫీ తాగడానికి రుమాలు గడ్డం కిందికి దించుకున్నారు. యజమాని బయట నిలబడి "నొక్కవేంటమ్మా!" అని అరుస్తున్నారు. అల్లుడి మీద సైరన్ మోగించడానికి నాకు చెయ్యి రాలేదు.

"నొక్కమంటారా అండీ?" అని ఆయన్నే అడిగాను.

"పర్లేదండీ, నొక్కండి," అన్నారు కప్పు కింద పెట్టి.

నొక్కాను. షట్టరు దబ్బున పడి, గాడి తప్పి, వంకరగా బిగుసుకుపోయింది. ఎంత లాగినా పైకి రాదు. సైరన్ ఆపబోయి ఎవరో మెయిన్ ఆపేశారు. ఫ్యాన్లూ లైట్లూ ఆరిపోయాయి, సైరన్‌కి బ్యాటరీ ఉంది కాబట్టి అది మాత్రం అరుస్తూనే ఉంది. మంచి ఎండాకాలం. పక్కావిడ నేలమీద కూలబడి, "ఊపిరాడట్లేదే" అంటూ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. నాకు నిజంగా భయమేసింది. వెనక తలుపు తాళంచెవి ఇవ్వండి బాబోయ్ అని షట్టరు బాదుతూ కేకలు పెట్టాను.

బయటి నుంచి యజమాని గొంతు వినిపించింది. "అల్లుడుగారూ! మీకేం ఇబ్బంది లేదు కదండీ?"

ఇబ్బంది లేదని ఆయన చెప్పాక గానీ యజమాని సందులోంచి కొట్టు వెనకవైపుకి రాలేదు. తాళం లోపలివైపు కాబట్టి, బాత్రూం వెంటిలేటరు బయట తాళంచెవి పట్టుకుని నిలబడ్డారు. నేను స్టూలెక్కి చెయ్యి చాపితే ఇవ్వలేదు.

"అల్లుడుగారిని పిలవమ్మా. ఆయన చేతికే ఇస్తాను."

లోపల కడుపుతో ఉన్న మనిషి పడిపోయి ఉంటే, తాళంచెవి నా చేతిలో పడితే కొంప మునుగుతుందని ఆయన లెక్క. ఆ క్షణంలో ఆయన్ని నేను తిట్టుకున్న తిట్లు ఇక్కడ రాయలేను. నేను దిగాను, దొంగగారు ఎక్కారు, తలుపు తెరుచుకుంది. పక్కావిడని పెరట్లో కూర్చోబెట్టి బోండాం నీళ్ళు పట్టిస్తే కాసేపటికి తేరుకుంది. యజమాని మాత్రం ఆ పూటంతా ఏమీ అనుకోవద్దని అల్లుడుగారిని బతిమాలుకుంటూనే ఉన్నారు.

షట్టరు బాగుచేయించి కొట్టు మళ్ళీ తెరిచిన రోజు తాళంచెవి సంగతి ఎత్తాను.

"రెండోది చేయించేనమ్మా," అన్నారు గొప్పగా. "అల్లుడుగారికిచ్చేను. నమ్మకమైన మనిషి."

"ఆయన ఉండేది మండపేటలో కదండీ?"

"ఫోన్ చేస్తే వచ్చేస్తారమ్మా. కారుంది కదా."

పక్కావిడ పొట్టమీద చెయ్యి వేసుకుని, "ఆయన వచ్చేదాకా లోపల మేమేం చెయ్యాలండీ?" అని అడిగింది.

ఆయన నిజంగానే ఆలోచించారు. కళ్ళజోడు తీసి తుడుచుకుని మరీ ఆలోచించారు.

"నగలు జాగ్రత్తగా చూసుకుంటూ ఉండండమ్మా," అన్నారు.