ఓడ దొరసాని మీద మా ఊరి పంచాయితీ

మొన్న ఆదివారం సాయంత్రం ఖానాపురం హవేలిలో మా అమ్మాయి ఇంట్లో అందరం టీవీ ముందు కూర్చున్నాం. అందరం అంటున్నాను గాని, నేను కూర్చున్నది తక్కువ, లేచి తిరిగింది ఎక్కువ. వానాకాలం మొదలైతే నాకు ఒక చోట కాలు నిలవదు, ఇది ఇవాళ్టి జబ్బు కాదు. మనవరాలు పెట్టిన సీరియల్లో చుక్కల మధ్య తిరిగే ఓడ ఒకటి, దానికొక ఆడమనిషి కెప్టెన్. ఎక్కడో ఒక సూర్యుడు పేలిపోతాడని భయపడి ఒక ఊరి జనాన్నంతా ఇళ్ళు వదిలించి ఓడ ఎక్కించింది, తీరా చూస్తే ఆ సూర్యుడు పేలలేదు. మా అల్లుడు సోఫాలో వెనక్కి వాలి, ఈమెకు ఆ కుర్చీ ఎవరిచ్చారని ఒక్క మాటలో తీసిపారేశాడు. మనవరాలు ఫోన్ చూసి, ఈ భాగానికి ఆమెను చాలామంది తిట్టారని చదివి, తనూ కిందికి చూసే బొటనవేలి బొమ్మ ఒకటి నొక్కింది. ఆ తర్వాత అందరూ చపాతీలు తినడానికి లేచారు. నాకు మాత్రం ఆమె తరఫున ఒక్కరైనా మాట్లాడలేదే అని లోపల ఒకటే కెలుకుడు. అది పోతుందేమోనని బాల్కనీలో తిరిగాను, పోలేదు. అందుకే ఇది రాస్తున్నాను.

ఊరికంతటికీ పంచాయతీ ఆఫీసులో ఒకే టీవీ ఉన్న రోజులు మన వయసు వాళ్ళకు గుర్తుండే ఉంటాయి. నేను పెనుబల్లి దగ్గర పుట్టి, ఆశ్రమ పాఠశాలలో చదువుకొని, భద్రాచలం వైపు అడవి అంచున, గోదావరిలో కలిసే ఒక వాగు ఒడ్డున ఉన్న కోయ ఊరికి కోడలిగా వెళ్ళాను. వెళ్ళిన రెండేళ్ళకు అంగన్‌వాడీలో పని దొరికింది. సర్పంచ్ పదవి ఆడవాళ్ళకని వచ్చినప్పుడు మా తోటికోడలిని నిలబెట్టారు, గెలిచింది. నేను ఆమెను అక్కా అనే పిలిచేదాన్ని. మొదట్లో సంతకం ఆమెది, మాట మా బావది. మండలంలో మీటింగుకు కూడా ఆయనే వెళ్ళి ముందు వరసలో కూర్చునేవాడు, అందులో వింత ఉందని ఎవరికీ తోచలేదు. అక్క నెమ్మదిగా, ఎవరితోనూ తగవు పడకుండా, ఒక రోజు తనే బస్సెక్కి వెళ్ళడం మొదలుపెట్టింది.

ఆ టీవీలో ఆదివారం పొద్దున హిందీలో ఒక సీరియల్ వచ్చేది. అందులోనూ చుక్కల మధ్య తిరిగే ఓడ, దానికీ ఆడమనిషే పెద్ద. ఇప్పుడు తలచుకుంటే ఆ ఓడ అట్టపెట్టెలకు వెండిరంగు పూసినట్టుండేది, కాని అప్పుడు మాకు అది నిజం ఓడే. ఊరంతా ఆమెను ఓడ దొరసాని అనేవాళ్ళు. హిందీ మాలో ఎవరికీ రాదు. పంచాయతీ ఆఫీసు వరండాలోనే మిషన్ పెట్టుకొని బట్టలు కుట్టే చాచాకు ఉర్దూ వచ్చు కాబట్టి ఆయనే మాకు దిక్కు. దొరసాని నోరు తెరవగానే చాచా మిషన్ తొక్కడం ఆపేవాడు, విని మాకు తెలుగులో చెప్పేవాడు, దాన్ని ముసలివాళ్ళకు మేము మా కోయలో చెప్పేవాళ్ళం. ఇన్ని చేతులు మారేసరికి ఆమె ఒక్క మాట అంటే మాకు నాలుగు మాటలయ్యేవి. ఆమె గట్టిగా అరిచినా చాచా చెప్పేటప్పుడు ఎంతో మర్యాదగా వినిపించేది, ఆయన తీరే అంత.

అసలు సంగతి సీరియల్ అయిపోయాక మొదలయ్యేది. ఎవరూ లేచేవాళ్ళు కాదు. దొరసాని ఆ వారం చేసింది ఒప్పా తప్పా అని పంచాయితీ కూర్చునేది, గట్టు తగాదాకు కూర్చున్నట్టే, అంత నిష్ఠగా. మొదటిసారి మగవాళ్ళంతా కలిసి ఆమెను కడిగేస్తుంటే ఊరి పెద్ద చెయ్యి ఎత్తి ఆపాడు. ఆయన మా మామకు అన్న, నాకూ అక్కకూ పెద్దమామ. "ఆమె గీడ లేదు గద. ఆమె దిక్కు మాట్లాడేటోళ్ళు లేకుంట తీర్పు ఎట్ల చెప్తరు?" అన్నాడు. అది మా ఊరి కట్టుబాటు. ఎంత తప్పు చేసినవాడికైనా వాడి పక్కన నిలబడి మాట్లాడే మనిషి ఒకరు ఉండాలి, లేకపోతే నోరెత్తకూడదు. సర్పంచ్ కుర్చీలో ఉన్నది కాబట్టి అక్క ఒక పక్షాన మాట్లాడరాదు. ఆమె నా వైపు చూపించి, మా చెల్లె చదువుకున్నదని అన్నది. నా ప్రాణం మీదికి వచ్చింది.

అలా ఆ ఏడాదంతా నేను దొరసాని తరఫు మనిషినయ్యాను. వారమంతా అంగన్‌వాడీలో పిల్లలకు ఉప్మా కలుపుతూ, ఆదివారం ఏం చెప్పాలా అని లోలోపల మాటలు పేర్చుకునేదాన్ని. తప్పిపోయిన ఒక్క మనిషి కోసం ఓడనంతా వెనక్కి తిప్పిందని ఒక వారం గొడవ. మేక తప్పిపోతే మీరు మందను ఆపరా అని అడిగి ఆ వారం గెలిచాను. పగవాళ్ళ వైద్యుడిని నమ్మి ఓడలోకి రానిచ్చిందని ఇంకో వారం. దానికి సరైన జవాబు దొరక్క ఓడిపోయి, ఇంటికి వచ్చి గిన్నెల మీద కోపం తీర్చుకున్నాను. మా ఆయన నవ్వేవాడు. నేను మాత్రం ఆ గంటలో ఉన్నట్టు తక్కిన వారంలో ఎప్పుడూ ఉండేదాన్ని కాదు, అది నిజం, దాచుకోను.

ఒక వారం దొరసాని ఆలస్యం చేసింది. ఓడలో ఒక పక్క గాలి చెడిపోతోందని అనుమానం వచ్చినా, ఖాయంగా తెలిసేదాకా ఆగుదామని ఆగింది, ఆ పక్క గదుల్లో ఉన్నవాళ్ళు పోయారు. ఆ రోజు వరండాలో ఉన్న కోపం నేనెన్నడూ చూడలేదు. అనుమానం వచ్చినప్పుడే లేపాలి గాని, పెద్దరికం ఎందుకు మరి అని అందరూ ఒక్క గొంతు. నాకు తెలిసిన మాటలన్నీ చెప్పాను, ఎవరూ వినలేదు. తప్పని తీర్పు పడింది. అక్క తన కుర్చీలో చేతులు ఒళ్ళో పెట్టుకొని అంతా విన్నది.

ఆ ఏడు శ్రావణంలో వాన పట్టింది. బస్సు ఆగిపోయింది, పోస్టాఫీసులో ఫోను మూగబోయింది, భద్రాచలంలో గోదావరి ఎంత ఉందో చెప్పే దిక్కు లేదు. మధ్యాహ్నానికి గోదావరి వెనక్కి తోసి మా వాగు ఎగదన్నడం మొదలుపెట్టింది. పల్లానికి పోవలసిన దుంగలూ చెత్తా వెనక్కి మా వైపే వస్తున్నాయి. అక్క చాలాసేపు ఒడ్డున నిలబడి చూసి, వచ్చి డప్పు వేయించింది. పశువుల తాళ్ళు విప్పేయమన్నది, పిల్లలనూ ముసలివాళ్ళనూ తీసుకొని గుట్ట మీద బీడీల తునికాకు ఆరబోసే కల్లం దగ్గరికి పొమ్మన్నది. బావ వద్దన్నాడు, పెద్దమామను అడుగుదామన్నాడు. అడిగే టైం లేదని ఆమె వినలేదు. నులక మంచాల మీద ముసలివాళ్ళను మోసుకుంటూ ఊరంతా గుట్టెక్కాం. కల్లం దగ్గర పైకప్పే గాని గోడలు లేవు, జల్లు అన్ని వైపుల నుంచీ కొట్టింది.

నీళ్ళు రాలేదు. కింది పొలాల్లో తాటిచెట్ల దాకా వచ్చి, అక్కడ ఆగి, తెల్లవారేసరికి తీయడం మొదలుపెట్టాయి. దిగి వచ్చి చూస్తే పొయ్యిలో బూడిద కూడా తడవలేదు. విప్పేసిన పశువులు పత్తి మొక్కలన్నీ మేసేశాయి, కొన్ని అడవిలోకి పోయి మళ్ళీ రాలేదు. ఇవన్నీ ఒక ఎత్తు. గుట్ట మీద తడిసిన పెద్దత్తకు, అంటే పెద్దమామ భార్యకు, చలిజ్వరం తగిలింది. దవాఖానాకు తీసుకుపోదామంటే దారి తెగిపోయింది. వారం తిరగకముందే పోయింది. నన్ను కన్నబిడ్డలా చూసిన మనిషి ఆమె.

దినాలు కాగానే వరండాలో పంచాయితీ కూర్చున్నది, ఈసారి అక్క మీద. సర్పంచ్‌గా సంతకం పెట్టుకొని ఇంట్లో ఉండాలి, ఇకమీద ఊరికి చెప్పే మాట ఏదైనా బావ చెప్పాలి, ఇదీ వాళ్ళు అడిగింది. బావ కాదనలేదు. పెద్దమామ తన చోట తను కూర్చున్నాడు, ముఖంలో ఏమీ తెలియడం లేదు. ఆమె తరఫున ఎవరని అడగ్గానే అందరి తలలూ నా వైపు తిరిగాయి. మా ఆయన కళ్ళతోనే వద్దన్నాడు. అయినా లేచాను. దొరసాని ఆలస్యం చేసినందుకు మీరే కదా తప్పన్నారు, అనుమానం రాగానే లేపాలన్నది మీరే కదా అని మొదలుపెట్టాను. అక్క నన్ను ఆపింది.

"దొరసానిని అడ్డం పెట్టకు చెల్లె. నీళ్ళు వస్తయని నాకు తెల్వదు, రావని కూడ తెల్వదు. తెలిసినంక చెప్పనీకి నేనెందుకు, నీళ్ళే చెప్తయి. పెద్దత్త సంగతి నా మీదనే ఉంటది, అది తీసెయ్యుమని నేను అడుగుత లేను."

చివరికి పెద్దమామ తీర్పు ఇయ్యాల చెప్పం, మళ్ళ నీళ్ళొచ్చినప్పుడు చెప్తం అని లేచి వెళ్ళిపోయాడు. అంటే ఏమిటో ఎవరికీ అర్థం కాలేదు, నాకైతే అసలే కాలేదు. ఆ తర్వాత ఆదివారాలు టీవీ చూశాం గాని దొరసాని మీద పంచాయితీ మళ్ళీ కూర్చోలేదు. చాచా కూడా మిషన్ ఆపకుండానే నాలుగు ముక్కలు చెప్పి ఊరుకునేవాడు.

మరుసటి ఏడు వాగు మళ్ళీ ఎగదన్నింది. అక్క పొద్దున్నే వెళ్ళి ఒడ్డున నిలబడింది. నేను గొడుగు పట్టుకొని వెనకాల నిలబడ్డాను. దుంగలు వెనక్కి వస్తున్నాయి, తాటిచెట్ల మొదళ్ళు మునిగాయి, అయినా ఆమె కదలలేదు. పోయినసారి ఇంతకంటే తక్కువకే డప్పు వేయించిన మనిషి. పెదవులు కదులుతున్నాయి, మాట రావడం లేదు. చెప్పు అక్కా అన్న మాట నాకు నోటిదాకా వచ్చింది, ఏమని చెప్పమనాలో తెలియక మింగేశాను. పెద్దత్త ఆమె గొంతులో అడ్డం పడి ఉందని నాకు తెలుస్తూనే ఉంది.

వెనక అడుగుల చప్పుడైతే తిరిగి చూశాం. పెద్దమామ వస్తున్నాడు. నెత్తి మీద గొంగడి, చంకలో మూట, చేతిలో పశువుకు విప్పేసిన తాడు. ఆయన వెనక వీధి పొడుగునా గడపల్లో జనం మూటలు కట్టుకొని కూర్చున్నారు. పొద్దుటి నుంచీ అలాగే కూర్చున్నారట, ఎవరూ గుట్ట వైపు ఒక్క అడుగు వేయలేదు.

"చెప్పవేంది బిడ్డా," అన్నాడు. "లేద్దామనే కూసున్నం."

అక్క ఏడ్చింది. ఏడుస్తూనే చెప్పింది, ఊరు లేచింది. నీళ్ళు వచ్చాయా అని మీరు అడుగుతారు. కింది వీధి గడపల దాకా వచ్చి పోయాయి. లేవవలసినంత వచ్చాయో లేదో మా ఊళ్ళో ఇప్పటికీ తేలలేదు.

అక్క ఇప్పుడు వైరాలో కూతురి దగ్గర ఉంటుంది. వాన పట్టిన రోజున ఫోన్ చేస్తే, వాగు ఎట్లుందట చెల్లె అని ఇద్దరికీ అక్కరలేని సంగతే అడుగుతుంది. ఇప్పుడు గోదావరి పెరిగితే అందరి ఫోన్లకూ మెసేజ్ వస్తుంది, లేవండి అని చెప్పి ఎవరూ నింద మోయనక్కరలేదు. అది మంచికే, కాదనను. కాని ఆ వరండాలో అక్కను తప్పుపట్టినవాళ్ళే మళ్ళీ వానకు ఆమె నోటి మాట కోసం ఎదురుచూడవలసినవాళ్ళు, అందుకని తీర్పు చెప్పేముందు వాళ్ళ గొంతు కొంచెం తడబడేది. ఇప్పుడు మా ఇంట్లో టీవీ ముందు ఎవరి గొంతూ తడబడదు. ఆ ఓడ కెప్టెన్ మాట మీద వీళ్ళెవరూ ఇల్లు వదిలి లేవనక్కరలేదు మరి.