బోణీకి వచ్చిన లినక్స్
రాజంపేటలో మాది విత్తనాల అంగడి. బిల్లులు వేసే కంప్యూటర్లో విండోస్ పక్కనే నేను లినక్స్ అనే ఇంకో ఆపరేటింగ్ సిస్టం కూడా ఎక్కించాను. బిల్లుల ప్రోగ్రాం ఉండేది విండోస్‌లోనే. మరునాడు పొద్దున అంగడి తెరిస్తే లినక్స్ ఒక్కటే లేచింది.

"పాపా, బిల్లులేసేది యాడికి పాయ?" అన్నాడు నాన్న. ఎదురుగా వేరుశనగ విత్తనాలకు వచ్చిన రైతు. బోణీ బేరాన్ని నాన్న తిప్పి పంపడు. టీ తెప్పించి కూర్చోబెట్టాడు.

"ఆడపిల్ల చేతికి ఎందుకిస్తివప్పా?" అన్నాడా రైతు.

నాకు ఒళ్ళు మండింది. ఆన్ చేయగానే ఏ సిస్టం కావాలో అడిగే మెనూలో విండోస్ పేరు లేదు, అంతే! ఆ మెనూ ఉండే ఫైల్ తెరిచి పేరు చేర్చి, మళ్ళీ ఆన్ చేశాను. తెర మీద రెండు పేర్లూ వచ్చాయి. టీ చల్లారకముందే బిల్లు రైతు చేతిలో పెట్టాను.

"ఇంక కొత్తదాన్ని తీసేయాల్నా నాయనా?" అన్నాను, తల ఎగరేసి.

"ఉండనీ పాపా. బోణీకొచ్చినోళ్ళను ఎల్లగొట్టగూడదు."