పదును పెట్టిన పల్టన్ కత్తి

వనపర్తిలో మా ముందుగదిలో ఒక అద్దాల బీరువా ఉంది. తెల్లవాళ్ల సైనిక పల్టన్ల నాటి ఇత్తడి గుండీలు, టోపీ బిళ్లలు, భుజం పట్టీలు, చిమ్మట కొట్టిన ఎర్రకోటు ఒకటి అందులో దాచాను. బడిలో పాఠాలు చెబుతూ, సెలవుల్లో ఊళ్లు తిరిగి పోగుచేసుకున్నవి. కత్తి మాత్రం ఎప్పుడూ దొరకలేదు.

మొన్నటి ఎన్నికలప్పుడు మానవపాడు దగ్గరి పల్లె నుంచి ఒక రైతు ఇంటి పెద్దావిడ ఫోన్ చేసింది. ఆమె మామగారికి పల్టన్ దొర ఇచ్చిపోయిన కత్తి ఉందట. నేను వెళ్లేసరికి దుప్పట్లో చుట్టి సిద్ధంగా పెట్టింది. పిడి మీద కిరీటం గుర్తు కనబడగానే ఇంకేమీ చూడాలనిపించలేదు.

"నాకేం ఇయ్యకు సారూ. బిరాన తీస్కపో," అంది. ఎందుకంత తొందరో చెప్పలేదు.

బస్సు పెద్దరోడ్డు ఎక్కగానే తనిఖీ. కానిస్టేబుల్ నా ఒళ్లోని చుట్టను తడిమాడు.

"ఏందిది?"

"పాత కత్తి సార్. గిసువంటివి జమచేస్త."

నా గొంతు నాకే దొంగగొంతులా వినిపించింది. పక్కసీటామె లేచి వెనక్కి వెళ్లిపోయింది.

నన్ను దింపి ఠాణాకు తీసుకెళ్లారు. ఇంట్లో బీరువాలో పెట్టుకోవడానికని చెబుతుండగానే ఎస్సై ఒర లాగాడు. తుప్పే ఉంటుందనుకున్నాను. నూనె రాసి, కొత్తగా సానబట్టిన అంచు తళుక్కుమంది.

"బీరువల పెట్టుకునేదానికి గింత పదును ఎందుకు?"

ఆ పెద్దావిడ నంబరు ఇచ్చి బెంచీ మీద కూర్చున్నాను. చొక్కా చెమటతో వీపుకు అంటుకుపోయింది.

గంట దాటాక ఆ పెద్దావిడ తన పెద్దకొడుకు బండి వెనక కూర్చుని వచ్చింది. ఎవరూ అడగకముందే, "నేనే ఇచ్చిన సారూ," అంది.

"సాన ఎవరు పట్టిచ్చిండ్రు?" ఎస్సై అడిగాడు.

కొడుకు తలెత్తలేదు. ఆమె అతనివైపు చూడకుండానే చెప్పింది.

"ఈనికి తమ్మునితోటి పొలం గట్టు పంచాయితీ ఉంది. మొన్న ఈడే పట్టిచ్చుకొచ్చిండు. నాకు ఇద్దరు గావాలె. గీ సారుకు ఏం తెల్వదు."

"అమ్మా..." అన్నాడు కొడుకు. గోడవారగా కూలబడి మొహం కప్పుకున్నాడు.

ఎస్సై కత్తిని ఠాణాలోనే ఉంచి, చిన్నకొడుకును పిలిపించమన్నాడు. నన్ను వెళ్లమన్నాడు.

నెల తర్వాత ఆమే ఫోన్ చేసింది.

"గట్టు కొలిచిండ్రు సారూ. ఇప్పుడైతే ఇద్దరు మాట్లాడుకుంటుండ్రు."

ఆ 'ఇప్పుడైతే' దగ్గర ఆమె గొంతు కాస్త ఆగింది.