జాబితాలో మేడం పేరు

మేడం పోయారని ఆమె భర్త ఫోన్ చేసి చెప్పారు. నేను టేకులపల్లి బస్టాండు ముందు నిలబడి జామకాయకు ఉప్పూకారం రాయించుకుంటున్నాను. "మీ మేడం ఇక లేదమ్మా. ఖమ్మం ఆసుపత్రిలోనే, పొద్దున ఆరింటికి" అన్నారు. తర్వాత "మీ పిల్లలందరికీ నువ్వే చెప్పాలి" అన్నారు. పిల్లలంటే ఆమె దగ్గర పని నేర్చుకున్న మేము ఏడుగురం. అందరం ముప్పైకి దగ్గర పడ్డవాళ్లమే, ఒకామెకు ఇద్దరు కూతుళ్లు కూడా. ఆ ఇంట్లో మాత్రం మాకు ఎప్పుడూ పిల్లలనే పేరు.

అందరికీ చెప్పాను. ఆమెను సొంతూరు మధిరకు తీసుకెళ్లారు కాబట్టి అందరం అక్కడికే వెళ్లాం. ఏడ్చాం, వచ్చాం. ఇవాళ్టికి పది రోజులు. చేయాల్సినవన్నీ చేశాను, ఒక్క పని తప్ప.

ఆ పని ఏమిటో ముందే చెప్పేస్తాను. మేడం మాకు నేర్పింది క్లౌడ్‌లో వెబ్‌సైట్లు పెట్టడం, పెట్టినవాటిని దొంగల నుంచి కాపాడటం. మా గూడేల ఆడవాళ్ల సంఘం ఇప్పపువ్వు లడ్డూలు చేసి అమ్ముతుంది. ఆ సైటును నేనే చూసుకుంటాను. దాని లోపలికి వెళ్లగలిగినవాళ్ల జాబితా ఒకటి ఉంటుంది. అందులో మేడం పేరు ఇంకా ఉంది. "మనిషి వెళ్లిపోయిన రోజే ఆ మనిషి లాగిన్ తీసేయాలి. రేపు అనకూడదు" అని ఆమే మాకు వందసార్లు చెప్పారు. అడిగే దిక్కులేని లాగిన్ మీదనే దొంగ చెయ్యి మొదట పడుతుందట. లోపల మా ఆడవాళ్ల గుర్తింపు కార్డులు, పాసుపుస్తకాల ఫోటోలు ఉన్నాయి. అన్నీ తెలిసీ పది రోజులుగా ఆ పేరు తీయలేదు. చెయ్యి రాలేదు. ఇదంతా రాస్తున్నది కూడా ఆ పనిని ఇంకో పూట వాయిదా వేయడానికేనని నా మీద నాకే అనుమానం.

మేడం హైదరాబాదులో ఇరవై ఏళ్లు సర్వర్ గదుల్లో పనిచేశారు. భర్తకు అటవీ శాఖలో ఉద్యోగం. ఆయనకు ఇటువైపు బదిలీ అయితే ఆమె తన ఉద్యోగం మానేసి వచ్చారు, ఆయన రిటైరయ్యాక కూడా ఇక్కడే ఉండిపోయారు. "మే నెలలో స్వెటర్ వేసుకుని పనికి పోయిన ఖమ్మం జిల్లా మనిషిని నేనొక్కదాన్నే" అనేవారు. ఆ గదులు మిషన్ల కోసం అంత చల్లగా ఉండేవట. మా క్లాసు మాత్రం ఎరువుల దుకాణం మీద గదిలో. యూరియా వాసన, తిరిగీ తిరగని ఫ్యాను. చలి లేదు గానీ తుమ్ములకు కొదవ లేదు.

మొదటి రోజు "క్లౌడ్ అంటే ఏంటో ఎవరైనా చెప్పండి" అని అడిగారు. మాలో ఒకడు కిటికీలోంచి ఆకాశం వైపు వేలు చూపించాడు. మేడం పగలబడి నవ్వారు. "మేఘం లేదు, గీఘం లేదు. ఎక్కడో పెద్ద షెడ్డులో ఎవరివో మిషన్లు ఉంటాయి. వాటిని మనం కిరాయికి తీసుకుంటాం. కిరాయి ఇంటికి గోడలు ఓనరు కట్టిస్తాడు. రాత్రి తలుపు వేసుకోవాల్సింది మాత్రం మనమే. దొంగ పడితే ఓనర్ని తిట్టి లాభం లేదు." ఆ తర్వాత పుస్తకాల్లో ఈ సంగతి పేజీలకు పేజీలు చదివాను. అందులో ఇంతకంటే ఎక్కువేమీ లేదు.

ఆమె అలవాట్లు విచిత్రంగా ఉండేవి. ఎవరు సైటు చేసి చూపించినా మా కంప్యూటర్లో చూసేవారు కాదు. మెట్లు దిగి, దుకాణంలో ఎరువుల బస్తా కోసం వచ్చిన రైతును "అన్నా, ఒక్కసారి ఫోన్ ఇస్తావా" అని అడిగి అందులో తెరిచేవారు. "మన ఇల్లు మన కంటికి ఎప్పుడూ బాగానే ఉంటుంది. పక్కవాళ్ల గుమ్మంలో నిలబడి చూడాలి" అనేవారు. దమ్మపేట నుంచి వచ్చిన ఒక రైతు నా సైటును తిప్పి తిప్పి చూసి "ఏం తెరుసుకుంటలేదు గదమ్మా, తెల్లగ కనవడ్తుంది" అని ఫోన్ తిరిగిచ్చాడు. నాకు తల కొట్టేసినంత పనైంది. మేడం మాత్రం ఆయనకు దండం పెట్టి, "చూశావా, పరీక్ష పెట్టే సారు ఆయనే" అన్నారు.

ఆమె మధిర మాటను మేము ఆటపట్టించేవాళ్లం. మేము "ఏంది" అంటే ఆమె "ఏంటి" అనేవారు. మా దగ్గర ఎనిమిదేళ్లు ఉన్నాక ఒకరోజు కోపంలో "ఏందది?" అనేశారు. ఆ సాయంత్రం అందరం మిర్చిబజ్జీలు తెప్పించుకుని పండగ చేసుకున్నాం. ఆమె కూడా తిన్నారు, మమ్మల్ని తిడుతూనే.

ఇప్పుడు నా తప్పు గురించి చెప్పాలి. చెప్పకపోతే ఆమెను గురించి చెప్పినట్టు కాదు.

సంఘం సైటు పెట్టిన కొత్తలో లడ్డూల ఫోటోలు కనిపించడం లేదు. క్లౌడ్‌లో ఫైళ్లు దాచే కొట్టు ఒకటి ఉంటుంది. ఆ కొట్టు మూసి ఉంది కాబట్టి ఫోటోలు బయటికి రావడం లేదు. ఫోటోల గది ఒక్కటే తెరవాల్సింది పోయి, నేను కొట్టు మొత్తం తెరిచేశాను. ఫోటోలు వచ్చాయి. నేను మురిసిపోయాను. అదే కొట్టులో, ఇంకో ఫోల్డరులో, ఆడవాళ్ల కాగితాలు ఉన్నాయి. నాకు ఆ సంగతి గుర్తుంది కూడా. అందుకే ఆ ఫోల్డరుకు "ముట్టొద్దు" అని పేరు పెట్టాను.

నవ్వకండి. మా అడవిలో కట్టెలు కొట్టి కుప్ప వేసినవాళ్లు ఇంటికి పోతూ పోతూ దాని మీద ఒక రాయి పెడతారు. ఇది ఒకరిది అని ఆ రాయి చెబుతుంది. వారం తర్వాత వచ్చినా కుప్ప అక్కడే ఉంటుంది, ఒక్క కట్టె తగ్గదు. చిన్నప్పటి నుంచి నేను ఎన్ని కుప్పల పక్క నుంచి నడిచానో, ఒక్కదాన్నీ ముట్టలేదు. అదే బుద్ధితో లోకమంతా తిరిగే దారిలో కాగితాలు పెట్టి, పైన ఒక మాట పెట్టి వచ్చాను.

ఆరు రోజుల తర్వాత మేడం దాన్ని కనిపెట్టారు, ఎప్పటిలాగే ఎవరిదో ఫోన్‌లో. నన్ను పిలిచి చూపించారు. మా అమ్మ కార్డు, అమ్మ ముఖం, ఎవరి ఫోన్‌లోనో. రెండు నిమిషాల్లో మూసేశాను. రాయి కథ చెబితే తిడతారనుకున్నాను. ఆమె విని, "ఎంత మంచి ఊరు నీది" అన్నారు. అని, "కానీ అమ్మాయ్, ఇక్కడికి వచ్చేవాళ్లెవరూ మీ ఊరివాళ్లు కాదు" అన్నారు.

ఎవరైనా తీసుకున్నారా అంటే చెప్పడానికి లేదు. ఎవరు వచ్చారో రాసిపెట్టే లాగ్‌ను నేను ఇంకా మొదలుపెట్టనే లేదు. "మూసేసిన కదా మేడం, ఇంక ఎవరికీ చెప్పకపోతే ఏమైతది" అన్నాను. నిజంగా అన్నాను, ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది. ఆమె గొంతు పెంచలేదు. "కాగితాలు నీవా? వాళ్లవి. వాళ్లకు తెలియాలి. బండి తియ్యి."

రెండు రోజులు తిరిగాం. నేను స్కూటీ నడిపితే ఆమె వెనక గొడుగు పట్టుకుని కూర్చున్నారు. నలభై ఇళ్లకు పైనే. మొదట మా ఇంటికే పోవాలన్నారు. మా అమ్మ విని, మా ఇంటి భాషలో నన్నొక మాట అంది. ఏమందని మేడం అడిగితే "జాగ్రత్తగా ఉండమంటుంది" అని చెప్పాను. "అంత చిన్న మాటలా లేదే" అన్నారు మేడం. ప్రతి ఇంటి ముందూ ఆమె చేతులు కట్టుకుని పక్కన నిలబడేవారు, తప్పు నా నోటితోనే చెప్పించేవారు. నేను తడబడితే అందుకునేవారు కాదు. చివర్లో మాత్రం "నేర్పినదాన్ని నేను. నాదీ తప్పే" అని ఒక్క మాట కలిపేవారు. ముగ్గురు తమ కాగితాలు తీసేయమన్నారు, వాళ్ల ముందే తీసేశాను. ఒకామె రెండు నెలలు నాతో మాట్లాడలేదు. మిగతావాళ్లు మంచినీళ్లిచ్చారు.

సంఘానికి పెద్ద అయిన అవ్వ మాత్రం చివరిదాకా విని ఒకటే అడిగింది. "మళ్ల గిట్ల కాకుంట ఏం జేస్తవ్?"

నేను మేడం వైపు చూశాను. జవాబు ఆమె దగ్గర ఉంది. ఆ రోజు నుంచి సైటు పెద్ద తాళం, అంటే మార్పులు చేసే లాగిన్, తెరవాలంటే నా పాస్‌వర్డ్ చాలదు, అవ్వ ఫోన్‌కు వచ్చే ఆరు అంకెలు కూడా కావాలి. "పెద్ద తాళం ఒక్కరి చేతిలో ఉండకూడదు. నీ చేతిలోనే కాదు, నా చేతిలో కూడా" అన్నారు మేడం. అవ్వకు చదువు రాదు, అంకెలు వచ్చు. అంకెలు చెప్పేముందు ఒక మాట అడగాలని మేడం ఆమెకు నేర్పారు: ఎందుకు తెరుస్తున్నవ్? జవాబు నచ్చకపోతే చెప్పొద్దు.

ఒకసారి నేను బద్ధకంగా "ఊకెనే, ఒకసారి చూద్దామని అవ్వా" అన్నాను. "ఊకెనే అయితే ఎందుకు?" అని అవ్వ ఫోన్ పెట్టేసి మేకలకు నీళ్లు పెట్టడానికి పోయింది. మేడంకు చెబితే కళ్లలో నీళ్లొచ్చేలా నవ్వి, "మీ ఏడుగురిలో ఎవరికీ వేయలేదు గానీ, అవ్వకు నూటికి నూరు" అన్నారు.

ఆ తప్పు తర్వాతే నాకు ఈ పని నిజంగా వచ్చింది. ఇప్పుడు ఇంట్లో కూర్చునే నాలుగు సైట్లు చూసుకుంటున్నాను, బతుకు బాగుంది. ఆమె కడుపు చల్లగుండ, ఒక్కనాడు కూడా ఆ తప్పును మళ్లీ ఎత్తి చూపలేదు.

ఇంతవరకు రాసి లేచాను. ఇంక ఆగితే ఆమెకు మొహం చూపించలేను అనిపించింది, చూపించడానికి ఆమె లేకపోయినా. లాప్‌టాప్ పట్టుకుని అవ్వ దగ్గరికే పోయాను. అవ్వ వాకిట్లో ఇప్పపువ్వు ఆరబోస్తోంది. పక్కన కూర్చుని పాస్‌వర్డ్ కొట్టాను. ఆమె ఫోన్ మోగింది.

"ఎందుకు తెరుస్తున్నవ్?"

"మేడం పేరు తీసేటందుకు అవ్వా."

అవ్వ చేతికంటిన పువ్వు దులుపుకుంది. ఒక్కొక్క అంకె చెప్పింది.

తీసేముందు ఆ మనిషి లోపల ఏమేం చేశారో ఒకసారి చూడాలి. అదీ ఆమె నేర్పిందే. లాగ్ తెరిచాను. పోవడానికి తొమ్మిది రోజుల ముందు మేడం లోపలికి వచ్చారు. మార్చే హక్కు, తీసేసే హక్కు, కాగితాలు తెరిచే హక్కు, కొత్తవాళ్లను చేర్చే హక్కు, తన పేరు మీద ఉన్నవన్నీ ఒక్కొక్కటిగా తనే తీసేసుకున్నారు. సైటు ఎలా నడుస్తోందో చూడటం ఒక్కటి ఉంచుకున్నారు, దానికి అవ్వ అంకెలు అక్కర్లేదు. ఆ తర్వాత ప్రతి పొద్దునా వచ్చి చూసి వెళ్లారు, చివరి రోజు ముందటి పొద్దు దాకా. పది రోజులుగా నేను భయపడుతున్న తలుపును ఆమె ముందే వేసి పోయారు.

అవ్వకు చెప్పాను. అవ్వ తలెత్తలేదు.

"నాకెరుకనే బిడ్డా. దవాఖానా నుంచి ఫోన్ జేసింది అంకెల కోసం. ఎందుకు తెరుస్తున్నవ్ అని ఆమెను గూడ అడిగిన. 'నా చేతుల ఉన్నయి ఇచ్చేస్తున్న అవ్వా, చూసుడు ఒక్కటి ఉంచుకుంట' అన్నది. పోరికి చెప్పకు, ఏడుస్తది అన్నది."

నేను ఏడ్చాను. అవ్వ ఏడవనిచ్చింది. మళ్లీ పువ్వు సర్దుకుంటూ కూర్చుంది.

ముఖం తుడుచుకుని, తొలగించు అనే బటన్ నొక్కాను. నిజంగానే తీసేయాలంటే ఆ పేరును ఇక్కడ టైప్ చేయండి అని తెర అడిగింది. ఒక్కొక్క అక్షరమే కొట్టడం మొదలుపెట్టాను.

"ఏం రాస్తున్నవ్?" అంది అవ్వ.

"మేడం పేరు."

"ఏంది ఆమె పేరు?"

ఇన్నేళ్లలో అవ్వ కూడా ఆమెను మేడం అనే పిలిచింది. నేను చెప్పాను. ఆ పేరు నా నోటితో పలకడం అదే మొదటిసారి. అవ్వ దాన్ని ఒకసారి నెమ్మదిగా అని చూసింది. సరిగ్గా రాలేదనుకుందేమో, మళ్లీ అంది. నేను చివరి అక్షరం కొట్టి బటన్ నొక్కేసరికి, అవ్వ పువ్వు ఆరబోస్తూ ఇంకా ఆ పేరునే అనుకుంటోంది.