నజీర్ జేబులో చీటీ

నజీర్ అహ్మద్‌కు కాదనడం రాదు. అదేదో గొప్ప గుణమని వన్‌టౌన్‌లో అందరూ మెచ్చుకునేవారు. నాకైతే ఒళ్లు మండేది.

వాళ్ల నాన్న గఫూర్ సాయిబు దర్జీ. గుడ్డ పట్టుకుని గుమ్మం ఎక్కినవాళ్లకి కాదని చెప్పకూడదన్నది ఆ కొట్టు ఆచారం. కుట్టడం ఎన్ని వారాలు ఆలస్యమైనా, ఇంకో జేబు పెట్టమంటే పెట్టాల్సిందే. నజీర్ కొట్టు వదిలి కంప్యూటర్ నేర్చుకున్నాడు గానీ, ఆ ఆచారాన్ని మాత్రం మద్దిలపాలెంలో మా చిన్న ఆఫీసుదాకా మోసుకొచ్చాడు. నేనక్కడ ఆపరేటర్ని.

ఎనభై ఆరులో, ఓడల సరుకు దింపే ఒక కంపెనీ కూలీల జీతాలకి ప్రోగ్రాం రాయమంది. మాకున్నది ఆ ఒక్క పనే, రాసేది నజీర్ ఒక్కడే. ఉగాదికి ఇస్తామన్నది వినాయక చవితి దాటిపోయింది. దసరాకి నడవకపోతే ఆఫీసుకి తాళమే.

కంపెనీ మేనేజరు భీమశంకరరావు గారిది గోదావరి జిల్లా, మాట మెత్తన. వచ్చినప్పుడల్లా ఓ కొత్త కోరిక తెచ్చేవారు. ఓవర్‌టైం చేర్చమన్నారు, తర్వాత పండగ అడ్వాన్సు, ఆ తర్వాత సెలవులు. నజీర్ అన్నిటికీ తలూపాడు. ఒకటి చేరిస్తే అప్పటిదాకా నడిచినవి రెండు ఆగిపోయేవి.

చివరికి నేనే ఓ చీటీ రాసిచ్చాను. ముందు ఒప్పుకున్నది దసరాకి, కొత్తవి ఆ తర్వాత, వేరే తేదీకి. కింద మేనేజరు గారి సంతకానికి జాగా.

"నోటితో అనక్కర్లేదు బావ. సేతిలో పెట్టు సాలు," అన్నాను. ఇస్తానని చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

దసరా పదిరోజులుందనగా భీమశంకరరావు గారు వచ్చి, బోనసు కూడా అందులోనే రావాలన్నారు. నజీర్ చెయ్యి జేబులోకి వెళ్లింది. పెన్ను తీసింది.

"అలాగే సార్. రాసుకుంతన్నాను," అన్నాడు. పక్కనే ఉన్న నేనూ నోరు విప్పలేదు.

దసరాకి ఏదీ నడవలేదు. కూలీల జీతాలు మళ్లీ పుస్తకాల్లోకే వెళ్లాయి, మేం రోడ్డున పడ్డాం.

కొన్నాళ్లకి భీమశంకరరావు గారు బస్టాపులో కనిపించారు.

"కుదరదని ఒక్కమాట చెప్పుంటే ఊరుకునేవాణ్ణి కదండీ సత్యం గారూ. అవుతుందన్నాడనే అడిగాను," అన్నారు.

ఆ సంగతి చెబుదామనే వన్‌టౌన్ వెళ్లాను. వాళ్ల నాన్న కుట్టుమిషను ముందు నజీర్ కూర్చుని ఉన్నాడు. వారం నుంచి జాకెట్టు కోసం తిరుగుతున్న ఒకావిడ, చేతులకి అంచు కూడా వెయ్యమంటోంది. నజీర్ తలూపి టేపు అందుకున్నాడు.

నేనేమీ చెప్పకుండానే వచ్చేశాను.