దాసన్న ఇంట్లో నురగ పడిన రోజు

కమలాపురం చుట్టుపక్కల బోరు మోటారు కాలిన రైతు ముందు కరెంటును తిడతాడు, తర్వాత దాసన్నను వెదుక్కుంటూ వస్తాడు. రోడ్డు పక్కన రేకుల కొట్టంలో దాసన్న గోనెపట్టా మీద కూర్చుని, భూమి అడుగునుంచి పైకి లాగిన మోటార్ల పొట్టలు విప్పి, మాడిన రాగితీగ పీకి, కొత్త తీగ చుడుతూ ఉంటాడు. పెళ్లికి ముందు నేర్చిన పని. ఎంత తోమినా వేళ్ల సందుల్లో రాగిరంగు పోదు. సాయంత్రం ఎండకు చెయ్యి అడ్డం పెట్టుకుంటే, పొద్దు ఆ చేతిలోనే గుంకుతున్నట్టు ఉంటుంది.

ఎంత లోతు బోరుకు ఎంత మోటారు దించాలో ఆయన చెప్పాల్సిందే. ఆయన సూత్రం ఒకటే. "భూమి మాట నమ్మగాకు. లెక్కకు ఎంత వస్తాదో దానికంటే ఒక మెట్టు పెద్దది దించు." ఈ సూత్రంతో కొందరి పైర్లు పచ్చబడ్డాయి, కొందరి బోర్లు ముందుగానే ఎండిపోయాయి. ఎండిన వాళ్లు భూమిని తిట్టుకున్నారు గాని దాసన్నను ఏమీ అనలేదు.

అట్లాంటి మనిషికి సముద్రం పిచ్చి పట్టింది. ఒకసారి మోటార్ల కంపెనీ వాళ్లు మెకానిక్కులందర్నీ మద్రాసుకు పిలిచి, భోజనాలు పెట్టి, సాయంత్రం సముద్రం చూపించారు. మిగతావాళ్లు ప్యాంట్లు మడుచుకుని అలల్లో గెంతారు. దాసన్న మాత్రం ఇసుకలో నిలబడి కోపం తెచ్చుకున్నాడు. బొట్టు బొట్టు కోసం భూమి గొంతులో ఇనుము దింపే ఊరి మనిషి ఆయన. "ఇన్ని నీళ్లు పనీపాటా లేకుండా ఈడ పడుండాయే!" అన్నాడు. తిరుగు రైలు ఎక్కేసరికి ఆ కోపం బెంగగా మారింది. ఊరికొచ్చి మోటారును చెవికి ఆనించుకుంటే అందులోనూ ఆ హోరే వినిపించేది.

కొన్నాళ్లకు హాల్లో, టీవీ ఉండాల్సిన చోట, అద్దాల తొట్టి వెలిసింది. అందులో ఉప్పునీళ్లు, రెండు రాళ్లు, నారింజపండు తొనల మీద సున్నం చారలు గీసినట్టుండే రెండు చేపలు. ఆ ఉప్పు పొట్లాలు కడప నుంచి తెచ్చి మినరల్ నీళ్లలో కలుపుతుంటే, అరటితోట రైతు కంబన్న చూసి ఆశ్చర్యపోయాడు. దాసన్నకు చిన్నప్పటి స్నేహితుడతను.

"ఏమప్పా దాసా, మన బోరు నీళ్లల్లో ఉప్పు సాలదా? దుడ్లిచ్చి ఉప్పు కొంటాండావు!"

"ఇది సముద్రం ఉప్పు రా."

"ఉప్పుకు కులమేంది రా?"

సంవత్సరం బాగానే నడిచింది. ఆ తర్వాత తొట్టి వాసన కొట్టడం మొదలుపెట్టింది. ముందు వాన వెలిసిన పొద్దు పేడదిబ్బ మీదుగా వచ్చే గాలిలాగా, తర్వాత దిబ్బలాగే. దాసన్న రోజుకు ఒక్క చిటికెడు మేతే వేస్తాడు. అయినా నీళ్లు పసుపుబారాయి. పైగా మేత డబ్బా ఎప్పుడు చూసినా తొందరగా అడుగంటేది. కంపెనీవాళ్లు తూకంలో మోసం చేస్తున్నారని ఆయన నిశ్చయించుకున్నాడు.

ఆయన భార్య ప్రసన్నకుమారి ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని ఒకరోజు తీర్పు చెప్పింది. ఆ నెల ఇంటి కూడిక వాళ్లింట్లో. చర్చివాళ్లంతా శనివారం పొద్దున వచ్చి, ప్రార్థన చేసి, భోంచేసి పోతారు.

"శనివారానికి ఈ నీచు వాసన పోవాల. అయ్యగారు వాక్యం చెప్తాంటే జనాలు ముక్కులు మూసుకుంటే నా పరువేం గాను? వాసన పోలేదంటే తొట్టి పోతాది. ఆ జాగాలో బీరువా పెట్టుకుంటా."

"చేపలు?"

"అవి యాడికి పోతాయో నన్నడగద్దు."

ఆమె మాట కోతపెట్టిన బండలాంటిది, అంచు తగిలితే తెగుతుంది. దాసన్న ఆ రోజే కడప బస్సెక్కాడు.

కడపలో భూపేష్ అనే యువకుడికి చేపల దుకాణం ఉంది. అతను రెండు అట్టపెట్టెలు విప్పి, రెండు ప్రోటీన్ స్కిమ్మర్లు బల్లమీద పెట్టాడు. ఒకటి నీళ్ల సీసా అంత, ఇంకొకటి పాలక్యానంత.

"ఇది ఏం చేస్తాది?"

"పప్పు ఉడికేటప్పుడు పైన నురగ వస్తాది గదన్నా, వదిన గరిటెతో తీసి పారేస్తాది. ఇదీ అంతే. అడుగునుంచి సన్నబుడగలు లేపుతాది. తొట్టిలో ఉండే జిడ్డు, మురికి ఆ బుడగలకు అతుక్కుని నురగయి పైకి వచ్చి ఈ గిన్నెలో పడతాది. నువ్వు గిన్నె కడుక్కుంటే సాలు."

దాసన్న రెండింటినీ ఎత్తి చూశాడు, తట్టి చూశాడు, చెవికి ఆనించుకున్నాడు. వాటి లోపల గాలి తప్ప ఏమీ పలకలేదు. "నా తొట్టికి యాది?"

"చిన్నది సరిపోతాదన్నా. రెండు చేపలే గదా."

"పెద్దది పెడితే?"

"పెద్దదానికి పెద్ద మురికి కావాలన్నా. మురికి సాలకపోతే నురగ పైకి ఎక్కదు. ఉత్తగా తిరుగుతాంటాది."

దాసన్న నవ్వాడు. మోటారు విషయంలో తనకు పాఠం చెప్పిన వాళ్లందర్నీ చూసి నవ్వే నవ్వు అది. "ఒక మెట్టు పెద్దది దించాల భూపేషూ. భూమి మాట నమ్మకూడదు."

"భూమి యాడుందన్నా దీంట్లో?" అన్నాడు భూపేష్. అప్పటికే దాసన్న పాలక్యానును చంకలో పెట్టుకున్నాడు.

తొట్టి కింద బీరువాలాంటి చెక్కపెట్టె, దాంట్లో పై నీళ్లు దిగి మళ్లీ ఎక్కే ఇంకో చిన్న తొట్టి. స్కిమ్మరు కూర్చోవాల్సింది అక్కడే. కాని ఆ పొడుగుకు తలుపు మూతపడలేదు. దాసన్న తలుపే ఊడబీకాడు. స్విచ్చి వేయగానే లోపల తెల్లటి బుడగల మబ్బు లేచి, గుర్రుపెట్టి నిద్రపోయే మనిషిలాగా శబ్దం చేసింది. ఆ మబ్బు గొంతుదాకా ఎక్కింది. గిన్నె అంచు దగ్గర, చెప్పాల్సిన మాట మరిచిపోయిన పిల్లలా ఆగింది. మళ్లీ కిందికి దిగింది.

ఆ రోజు గిన్నెలో నురగ పడలేదు. మర్నాడూ పడలేదు.

ఈ సంగతి ఊరికి ఎట్లా తెలిసిందో గాని, బోరు వేసే ఇంటికి వచ్చినట్టు జనం రావడం మొదలుపెట్టారు. వాకిట్లో చెప్పులు విడిచి, గొంతు తగ్గించి అడిగేవాళ్లు.

"పడిందా దాసన్నా?"

"ఇంగా లేదప్పా."

"తడి గూడా రాలేదా?"

"రాలేదు."

"ఏం చేస్తావులే. మా అల్లునికీ పడలా" అని నిట్టూర్చి, టీ తాగి పోయేవాళ్లు. కంబన్నయితే బోరుకు నీళ్ల జాడ చూసేవాళ్లలాగా అరచేతిలో టెంకాయ నిలబెట్టుకుని తొట్టి చుట్టూ తిరిగి, "పాయింటు తప్పినావప్పా. ఆ గోడవార పెట్టి సూడు" అన్నాడు.

ప్రసన్నకుమారి వంటింట్లోంచి అంది, "మొగుడు మండలానికంతా మోటార్లు చెప్తాడు. ఇంట్లో మాత్రం పొడిబోరు ఏసినాడు."

దాసన్నకు రోషం వచ్చింది. కొట్టం మూసి, విప్పిన మోటార్లను హాల్లోకే తెచ్చుకుని, తొట్టి ముందర గోనెపట్టా పరుచుకున్నాడు. పొద్దున లేచింది మొదలు అక్కడే రాగితీగ చుడుతూ, ఒక కన్ను గిన్నెమీద పెట్టేవాడు. చేపలు మాత్రం అద్దానికి ముక్కులానించి, పరీక్షలో పక్కవాడి కాగితం చూసేవాళ్లలా ఆయన్ను చూసేవి. వాసన కాస్త తగ్గిందని ఆయనకు అనిపించింది. భార్యతో అంటే, "కిటికీ తెరిచినా గదా" అంది.

శుక్రవారానికి ఆయన ఓడిపోయాడు. జీవితంలో మొదటిసారి ఫోనులో, "భూపేషూ, నీ మాటే నిజం. చిన్నది తీసుకొని రా" అన్నాడు. భూపేష్ మంచివాడు. రేపు సాయంత్రం తానే తెచ్చి మార్చిపోతానన్నాడు.

శనివారం పొద్దున హాలు నిండింది. చాపలు, పాటలపుస్తకాలు, మల్లెపూలు, పిల్లల జేబుల్లో ఉడికిన చెనక్కాయలు. తొట్టి పక్కనే దాసన్న పెద్దమ్మ ప్రేమమ్మ గోడకు ఆనుకుని కూర్చుంది. ఏ నోరు తెరిచినా అందులో ముద్ద పెట్టకపోతే ప్రాణం ఒప్పని మనిషి. చేపలేమో పుట్టినప్పటి నుంచీ నోరు తెరుస్తూ మూస్తూనే ఉంటాయి.

"ఎవురూ మేత ముట్టుకోగాకండి" అని దాసన్న అందరికీ చెప్పాడు. అందరూ తలలూపారు.

పాస్టరు దావీదురాజు నిలబడి, "కండ్లు మూసుకుందాం" అన్నారు. ఆయన ప్రార్థనలు పొడుగు. వానకోసం మొదలుపెడితే విత్తనం, కలుపు, కోత దాటి ధాన్యం గాదెకు చేరేదాకా ఆగరు. దాసన్న చేతులు జోడించి కండ్లు మూసుకున్నాడు. చీకట్లో స్కిమ్మరు గురక వినిపిస్తోంది.

"ప్రభువా, ఈ కుటుంబాన్ని దీవించు. ఈ దాసుని చేతిపనిని..."

టక్ అని చిన్న శబ్దం. డబ్బా మూత వచ్చిన శబ్దం అది. మోటారులో ఒక్క చుట్టు జారినా కనిపెట్టే చెవి దాసన్నది. ఆయన ఒక కన్ను సన్నగా తెరిచాడు.

ప్రేమమ్మ ఒక చేత్తో నెత్తిమీద కొంగు సర్దుకుంటూ, రెండో చేత్తో తొట్టిలో మేత రాలుస్తోంది. పైకి భక్తిగా "స్తోత్రం, స్తోత్రం" అంటోంది. ఆమె వెనకనుంచి పాటల బృందం ఆడపిల్ల చెయ్యి చాపితే, దాంట్లోనూ కొంచెం పోసింది. ఆ పిల్ల పక్కకు కూడా తిరగకుండా, ఎన్నో రోజుల అలవాటుతో, నీళ్లమీద చల్లింది. ఎదురింటామె వంతు వచ్చింది. చేపలకు కూడా ఆశ్చర్యం లేదు. వరసగా వచ్చే చేతులు వాటికి చుట్టాలే.

దాసన్న నోరు తెరవబోయాడు. అయ్యగారు సరిగ్గా ఆయన పేరుమీదే ఉన్నారు. తన పేరున ప్రార్థన జరుగుతుంటే తనే లేచి అడ్డం పడడం ఎట్లా? దిక్కుతోచక భార్య వైపు చూశాడు.

ప్రసన్నకుమారి రెండు కండ్లూ తెరిచే ఉన్నాయి. ఆమె ఆయన్ను చూడలేదు. ప్రేమమ్మకు చేత్తో సైగచేస్తూ, పెదవులతో చెబుతోంది, "సాల్లే పెద్దత్తా. పొద్దున నేను పెట్టినాలే."

దాసన్న ఆ తెరిచిన కన్ను మూసుకోవడం మరిచిపోయాడు. అడుగంటిన డబ్బాలు, పసుపుబారిన నీళ్లు, తను కాపలా కాసిన రోజుల్లో తగ్గిన వాసన, ఎండిన గిన్నె, అన్నీ ఒక్క చుట్టుగా ఆయన తలలో బిగిశాయి. గిన్నె ఎండింది స్కిమ్మరు పెద్దదయినందుకు కాదు, తను తొట్టిముందు కదలకుండా కూర్చుని ఆ చేతుల్ని రానీయనందుకు.

ప్రేమమ్మకు చూపు తక్కువ. చాలన్న సైగను ఇంకా పోయమన్నట్టు అర్థం చేసుకుని డబ్బా బోర్లించింది.

"ఆమెన్" అన్నారు అయ్యగారు.

అందరూ కండ్లు తెరిచేసరికి దాసన్న మోచేతిదాకా తొట్టిలో ఉన్నాడు. వలగరిటెతో తీసినంత తీశాడు. మిగతాది అప్పటికే నీళ్లలో కరిగి, తొట్టి కుడితిలాగా తెల్లబడింది. చేపలు నీటి పైకి వచ్చి మూతులు ఆడిస్తున్నాయి.

"పాపం, ఇంగా ఆకలిగానే ఉండాయి" అంది ప్రేమమ్మ.

"పెద్దమ్మా, అవి ఊపిరాడక కొట్టుకుంటాండాయి!"

వడ్డనకు ప్రసన్నకుమారి అందుకున్న గరిటె ఆగింది. "సచ్చిపోతాయా?" అంది. బీరువా గురించి మాట్లాడిన గొంతు కాదది.

"ఈ మురికంతా ఆ మిషను లాగితే బతుకుతాయి. లాగకపోతే..." దాసన్న వలగరిటె మళ్లీ ముంచాడు.

భోజనాలు వడ్డించారు. తిన్నవాళ్లు ఇంటికి పోలేదు. బోరుబండి ఆగినచోట కూర్చున్నట్టు తొట్టి చుట్టూ చాపలమీద కూర్చున్నారు. కబురంది కంబన్న కూడా వచ్చాడు. మధ్యాహ్నం ఎండ కిటికీలోంచి లోపలికి వచ్చి, తెల్లబడిన నీళ్లలో దారి తప్పి అక్కడే కూలబడింది. ఎవరో కొంతసేపటికొకసారి అడిగేవాళ్లు.

"పడిందా?"

"ఇంగా లేదు."

అయ్యగారు మళ్లీ ప్రార్థన చేద్దామా అన్నారు. "సేద్దాం గాని అయ్యా, కండ్లు తెరుసుకొని సేద్దాం" అన్నాడు దాసన్న.

పొద్దు వాలుతుండగా స్కిమ్మరు గురక మారింది. ముందు విన్నది దాసన్న చెవే. బోలుగా మోగే గొంతు కాస్తా బరువెక్కి, పాలు పొంగబోయే ముందు చేసే బుసబుసలోకి దిగింది. బుడగల మబ్బు గోధుమరంగు తిరిగి మెల్లగా మెడ ఎక్కింది. అంచు దగ్గర ఆగింది. మరిచిన మాట గుర్తొచ్చినట్టు ఒక నురగముద్ద అటుపక్కకు ఒరిగి గిన్నెలో జారింది.

"పడిందప్పా!" కంబన్న అరుపు రోడ్డుదాకా వినిపించింది. "పాయింటు నేనే సూపిస్తి!"

ఆ తర్వాత ఇక ఆగలేదు. టీ డికాషనులా నల్లటి జిడ్డు గిన్నెలోకి దిగుతూనే ఉంది. నిండిన గిన్నెను ప్రసన్నకుమారే తీసి, దూరంగా పారబోసి, కడిగి తెచ్చింది. ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకోవడం మరిచిపోయింది. చేపలు పైనుంచి దిగి, తమ రాయిచాటుకు పోయి, ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ ఊగాయి. తెల్లటి మసక అంచుల నుంచి కరిగి, వాటి నారింజరంగు మళ్లీ తేటబడింది.

అప్పుడే చిన్న అట్టపెట్టెతో భూపేష్ వచ్చాడు. నిండుతున్న గిన్నెను చూసి పెట్టె దించకుండానే నిలబడిపోయాడు. "ఎట్లన్నా? రెండు చేపలకు ఇంత మురికి ఎట్ల వచ్చె?"

"నువ్వు చేపలను లెక్కపెట్టినావు భూపేషూ, మా చుట్టాలను లెక్కపెట్టలా" అన్నాడు దాసన్న. "చిన్నది నువ్వే తీసకపో. అన్నం తిని పో."

జనం వెళ్లిపోయాక హాల్లో దాసన్న, ప్రసన్నకుమారి, గురకపెట్టే మిషను మిగిలారు. కూడికలో ఒక్కరూ ముక్కు మూసుకోలేదు. అయినా దాసన్న బెట్టుగా అన్నాడు, "మే ప్రసన్నా, తొట్టి ఎప్పుడు తీద్దాం? బీరువా పెట్టుకుంటానంటివే."

"తీసి వాటిని యాడ పెడతావు? నోరులేని జీవాలు" అంది ఆమె, తొట్టి వైపు చూస్తూ. చేపలు అద్దం దగ్గరికి వచ్చి ఆమెకేసి నోళ్లు తెరిచాయి. ఆమె ఆయన్ను ఒకసారి చూసింది, చేపలను ఒకసారి చూసింది. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు కొంగు మెలిపెట్టింది.

దాసన్న గోడకు ఆనుకుని, రాగిరంగు వేళ్లు ఒళ్లో పెట్టుకున్నాడు. "నేను రవ్వంతసేపు ప్రార్థన చేసుకుంటా" అని కండ్లు మూసుకున్నాడు.

అలమరలో కొత్త మేత డబ్బా ఉందని ఆయనకు తెలుసు. మిషను గురక వింటూ, ఎక్కడో చాలా దూరాన పనీపాటా లేకుండా పడివున్న నీళ్ల హోరు వింటూ, నవ్వు బయటికి రాకుండా పెదవులు బిగించి ఎదురుచూశాడు.

టక్.