బాబాయ్ ఆఖరి చావు

ఇప్పుడు నేను చెప్పబోయేది మృత్యువుతో ఒక మహానటుడు చేసిన యుద్ధగాథ. ఇందులో ఉరుములున్నాయి, కుండపోత వానుంది, పాడె ఉంది, బతికుండగానే దండ వేసిన ఫోటో ఉంది. అని మొదలుపెడదామనుకున్నాను. తీరా రాయబోతే ఆయన మహానటుడు కాదు, యుద్ధం చేసింది సర్జను, గాథంతా కలిపి ఒక చిన్న షాటు తియ్యకుండా వదిలేసిన సంగతి. ఉరుములు మాత్రం నిజం. మొన్న ఆదివారం యూసుఫ్‌గూడ నుంచి పిన్ని ఫోన్ చేసి, "ఆ సినిమా మధ్యాహ్నం టీవీలో వేస్తున్నారట్రా. నాకు పొద్దుట్నుంచీ గుండె దడదడమంటోంది, నువ్వొచ్చి పక్కన కూర్చో" అంది. ఏ సినిమా అని నేనడగలేదు. మా మధ్య 'ఆ సినిమా' అంటే ఒకటే. బండి తీస్తుంటే షేక్‌పేట వైపు ఆకాశం నల్లబడింది. ఇలాంటి విషయాల్లో మా హైదరాబాద్ ఆకాశానికి బొత్తిగా మొహమాటం లేదు.

పిన్ని నాకు సొంత పిన్ని కాదు. బాబాయ్ భార్య కాబట్టి పిన్ని. ఆ బాబాయ్ కూడా సొంత బాబాయ్ కాదు, ఫిల్మ్‌నగర్‌లో లైట్‌మేన్ నుంచి డైరెక్టరు దాకా అందరికీ ఆయన బాబాయే. నాకు తగిలింది మాత్రం సెట్లో కాదు, జూబ్లీహిల్స్‌లో బండల మీద కట్టిన ఒక పెద్ద ఆసుపత్రిలో. అంతకుముందు నేనొక రచయితగారి దగ్గర కామెడీ ట్రాకులు రాసేవాణ్ణి. మేం రాసిన జోకులకి మేం బాగానే నవ్వేవాళ్ళం, థియేటర్లో ఆ బాధ్యత ఎవరూ తీసుకునేవారు కాదు. రచయితగారు ఆఫీసు మూసేశాక, ఆసుపత్రిలో ఆధ్యాత్మిక సేవ అని కొత్త విభాగం పెడుతున్నారనీ, మనుషుల్ని తీసుకుని శిక్షణ ఇప్పిస్తారనీ తెలిసి చేరిపోయాను. భక్తితో అనుకునేరు. మోతీనగర్‌లో మా ఇంటిమీద రేకుల కప్పు, బయట వేసవి, ఆసుపత్రిలో ఏసీ.

ఆ పనేమిటో చేరేదాకా నాకూ తెలియదు. పూజలు చేయించడం కాదు, ప్రార్థన చేయించడం కాదు. రోగి అడిగితే పూజారినో పాస్టరునో మౌల్వీనో పిలిపిస్తాం, అంతే. మిగతా సమయమంతా మంచం పక్కన కూర్చుని, ఏ దేవుణ్ణి నమ్మేవాళ్ళయినా, ఎవర్నీ నమ్మనివాళ్ళయినా, లోపలున్న భయం బయటికొచ్చేదాకా వినడం. మాకు నేర్పే మేడం ఇదివరకు ఐసీయూలో నర్సు. మంచం మీద కూర్చోవద్దు, కుర్చీ దగ్గరికి లాక్కుని రోగి కళ్ళకి సమానంగా కూర్చో. వాచీ చూడకు. 'ఏం కాదులెండి' అన్న మాట నోట్లోంచి రానివ్వకు, ఏమవుతుందో నీకు తెలియదు. నీ చేతిలో లేనిదానికి మాటివ్వకు. గదిలోంచి వచ్చాక వాళ్ళేమన్నారో, నువ్వేమన్నావో ఉన్నదున్నట్టు రాసి, తరగతిలో పైకి చదువు. ఈ ఆఖరిది నాకు నరకం. నేను చదువుతుంటే మేడం ప్రతి జోకు దగ్గరా ఆపేది. "ఆగు. గీడ జోకేసినవ్. ఆయన కోసమా, నీ కోసమా?" మూడేళ్ళు కామెడీ రాసినా ఎవరూ అడగని ప్రశ్న.

ఇంకో చిక్కుంది. ఆసుపత్రివాళ్ళు మా విభాగానికి గది ఇచ్చింది ఐసీయూకీ మార్చురీకి పోయే దారికీ మధ్యలో. దాంతో మేం ఎవరి తలుపు తట్టినా లోపల గాలి ఆగిపోయేది. కాలు విరిగి చేరిన ఒకాయన భార్య నా మెడలో కార్డు చదివి, "డాక్టరుగారు కట్టేగా కట్టారు, మరి మీరెందుకొచ్చారండీ?" అని బావురుమంది. లిఫ్టులో నేనెక్కితే ఇద్దరు దిగిపోయేవారు. నల్లపిల్లికైనా అంత గౌరవం ఉండదు. నేనా కార్డుని జేబులో పెట్టుకోబోతే మేడం చూసి, "దాస్తే ఇంక భయపడతరు, వెయ్యి" అంది.

అలాంటి రోజుల్లో గుండె వార్డు డాక్టరు మాకు కబురు పంపాడు. ఒక సినిమా ఆర్టిస్టుకి రక్తనాళాలు పూడుకుపోయాయి, ఆపరేషన్ వెంటనే చెయ్యాలి, ఆయన ఒప్పుకోవడం లేదు. వెళ్ళి చూస్తే బాబాయ్. ఈ మొహం మీరు చూసే ఉంటారు, కాకపోతే కళ్ళు మూసుకుని ఉండగా. సినిమాల్లో ఆయన పని చావడం. హీరోయిన్ తండ్రిగా చచ్చాడు, ఊరి పెద్దగా చచ్చాడు, విలన్ మీదకి తుపాకీ పేలినప్పుడు పొరపాటున అడ్డమొచ్చి చచ్చాడు. పాడె మీద ఊపిరి బిగబట్టి పడుకోవడంలో ఆయన తర్వాతే ఎవరైనా. ఒక సినిమాలో గోడకి తగిలించిన తన దండవేసిన ఫోటోని, ఫ్రేము బాగుందని ఇంటికి తెచ్చుకుని హాల్లో పెట్టుకున్నాడు కూడా. పిన్ని దండ తీసేసినప్పుడల్లా, "దండ లేకపోతే ఫ్రేము బోసిగా ఉందే" అని మళ్ళీ వేసేవాడట.

నన్ను చూడగానే మంచం మీంచి ఆయన, "వచ్చావా? కాల్‌షీట్ ఎప్పటికి?" అన్నాడు. పిన్ని చేతిలో బత్తాయి ఆగిపోయింది. నేను కుర్చీ లాక్కుని కూర్చున్నాను. కాసేపటికి ఆయనే చెప్పాడు.

మా సినిమావాళ్ళకో ఆచారం ఉంది. చావు సీను తీశాక షాట్ ఓకే అన్నా కెమెరా ఆపరు. చచ్చినవాడు లేచి, నేరుగా లెన్సులోకి చూసి నవ్వాలి. ఆ నవ్వు పడ్డాకే కట్. అది ఏ సినిమాలోనూ కనబడదు, అయినా తియ్యకుండా ఎవరూ వదలరు. తియ్యకపోతే చావు ఒంటికి అంటుకుంటుందని. బాబాయ్ చచ్చిన ప్రతిసారీ లేచి నవ్వాడు. ఆసుపత్రిలో చేరడానికి కొన్నాళ్ళ ముందు 'ఆ సినిమా'కి షేక్‌పేట పాత ఊళ్ళో ఒక ఇంటి ముందు పాడె మీద పడుకోబెట్టారు. షాట్ ఓకే అనగానే ఉరిమింది, వాన విరుచుకుపడింది. యూనిట్ అంతా కెమెరా మీద పట్టా కప్పి పరిగెత్తింది. ఈయన తలెత్తి నవ్వబోతే ఎదురుగా లెన్సు లేదు. అసిస్టెంట్ డైరెక్టరు గొడుగు కిందనుంచి, "రేపు తీసేద్దాం బాబాయ్" అని అరిచి వెళ్ళిపోయాడు. రేపటికి లొకేషన్ మారిపోయింది. నెల తిరక్కుండా ఛాతీలో నొప్పి.

"ఇప్పుడు మత్తిచ్చి పడుకోబెడతారు. షాట్ పెండింగ్‌లో ఉంది. లేవనురా" అన్నాడు మామూలుగా, టిఫినేంటో చెప్పినట్టు. నా నోరు ఊరుకోలేదు. "ఫోను తియ్యనా బాబాయ్, ఇక్కడే నవ్వేయండి." ఆయన నాకేసి జాలిగా చూశాడు. "ఫోన్తో తీస్తే రీలవుతుంది. షాటవదు."

తరగతిలో ఇది చదివి, ఎలాగోలా అసలు కెమెరానే తెప్పిద్దామన్నాను. మేడం నా కాగితం తీసి పక్కన పెట్టింది. "కెమెరా తెస్తే ఆయన భయం నిజమేనని నువ్వు ముద్ర గుద్దినట్టు. రేపు ఆపరేషన్ల ఏమన్న అయితే పిన్నమ్మ జిందగీ మొత్తం ఆ నవ్వు చూసుకుంట కూర్చోవాలె. తేకపోతే ఆయన సంతకం పెట్టడు. రెండింట్ల ఏది మంచిదని నన్నడగకు. వాన పడ్డంక ఏమైందో ఆయన్ని అడిగినవా?"

అడగలేదు. మా కథల్లో వాన పడ్డాక పాటే.

మర్నాడు డాక్టరు గుమ్మంలోనే పట్టుకుని, "ఇంకా ఆలస్యమైతే మేం చెయ్యగలిగింది ఉండదు" అన్నాడు. కిటికీ అవతల మళ్ళీ మబ్బు. వార్డులో మధ్యాహ్నమే లైట్లు వేశారు. నేను కుర్చీ లాక్కుని, వాన పడ్డాక ఏమైంది బాబాయ్ అని అడిగాను. ఆయన పైకప్పు చూస్తూ ఉండిపోయాడు. నాకు నాలుగైదు జోకులొచ్చాయి, అన్నీ బాగానే ఉన్నాయి, మింగేశాను.

"షాటయ్యాక నేను నవ్వితే సెట్టంతా నవ్వేదిరా" అన్నాడు చివరికి. "పాడె మోసినవాళ్ళు, ఏడ్చినవాళ్ళు, అందరూ. ఎవడో ఒకడు చెయ్యిచ్చి లేపేవాడు. ఆ రోజు ఎవడూ లేడు. కాళ్ళు తాళ్ళతో కట్టి ఉన్నాయి. మొహం మీద వాన. బొట్టు కరిగి కళ్ళల్లోకి పోతోంది. పిలిచాను, వినబడలేదు. వీళ్ళంతా తిరిగొచ్చేదాకా... నేను పోయాననే అనుకున్నానురా. పోతే ఇలాగే ఉంటుందనుకున్నా."

పిన్ని బత్తాయి పక్కన పెట్టి ఆయన పాదాలు పట్టుకుంది, ఇప్పుడే తాళ్ళు విప్పుతున్నట్టు. అన్నేళ్ళ కాపురంలో ఈ మాట ఆమెక్కూడా చెప్పలేదట.

"కళ్ళు తెరిచేసరికి ఎవరైనా ఉంటారా?" అని అడిగాడు. మీరు కళ్ళు తెరుస్తారని నేననలేను, అది నా చేతిలో లేదు. "ఆపరేషనయ్యేదాకా పిన్ని పక్క కుర్చీలో ఉంటాను. తర్వాత లోపలికి రానిస్తే మీ మంచం దగ్గర ఉంటాను. వానొచ్చినా లేవను" అన్నాను.

"జోకులెయ్యవు కదా?"

"దానికి మాటివ్వలేను బాబాయ్."

సంతకం పెట్టాల్సిన కాగితం ఇటివ్వమని చెయ్యి చాపాడు.

ఆపరేషన్ రోజు వాన పడింది. ముందే చెప్పాను కదా, మొహమాటం లేదు. వెయిటింగ్ హాల్లో గోడకి టీవీ, సౌండు లేదు. ఏదో పాత సినిమా. నేను చూసేసరికి తెర మీద బాబాయ్‌ని పాడె మీద మోసుకుపోతున్నారు. హాల్లో పదిమందీ పైకి చూస్తున్నారు, ఆ శవం భార్య తమ వరసలోనే కూర్చుందని ఎవరికీ తెలియదు. నేను రిమోట్ కోసం పరిగెత్తబోతే పిన్ని నా చొక్కా పట్టుకుని ఆపింది. "ఉంచు. లేస్తారేమో చూద్దాం." లేవరని ఇద్దరికీ తెలుసు. ఆ ముక్క సినిమాలో ఉండదు. అయినా చూశాం. నిప్పు పెట్టారు, పొగ లేచింది, తర్వాత సబ్బు ప్రకటన. జీవితంలో మొదటిసారి నాకు ఒక్క జోకూ తట్టలేదు. అప్పుడే తలుపు తెరుచుకుని సర్జను బయటికొచ్చాడు, టోపీ తీశాడు, పిన్ని వైపు చూశాడు. ఆయన మొహంలో ఏమీ లేదు. అది వాళ్ళకి చదువులోనే నేర్పుతారనుకుంటాను.

మొన్న ఆదివారం యూసుఫ్‌గూడలో నేను తలుపు తోసేసరికి పిన్ని సోఫాలో ఒక చివర కొంగు నోటికడ్డం పెట్టుకుని కూర్చుంది. గోడమీద దండవేసిన ఫోటో. దాని కింద, రిమోట్ ఎవరికీ ఇవ్వకుండా, పకోడీలు తినకూడదని తెలిసీ తింటూ బాబాయ్. అవును, కళ్ళు తెరిచాడు. గొంతులో గొట్టం ఉంది కాబట్టి నవ్వలేకపోయాడు. నేను నవ్వాను, మొహానికి మాస్కుంది కాబట్టి ఆయనకి కనబడలేదు. ఆ ఏర్పాట్లతోనే మా నవ్వు షాట్ అయిపోయింది.

సినిమా మొదలైంది. ఆ పాడె సీను దగ్గరపడుతుంటే పిన్ని ఒక చేత్తో నా మణికట్టు, ఇంకో చేత్తో ఆయన మోకాలు పట్టుకుంది. బయట ఉరిమింది. షేక్‌పేట ఇల్లు కనబడింది, గుమ్మంలో జనం కనబడ్డారు, హీరో కారు దిగాడు, పాట వచ్చింది, ఆ తర్వాత కోర్టు. పాడె లేదు. బాబాయ్ లేడు. మేం ఊపిరి వదిలేలోపే ఆయన లేచి నిలబడ్డాడు. "నా చావేదిరా? అంత బాగా చచ్చానే!" అంటూ అసిస్టెంట్ డైరెక్టరుకి ఫోన్ చేశాడు. ఆ చావు మోసుకుంటూ ఆయన ఆపరేషన్ గది గుమ్మం దాకా వెళ్ళొచ్చాడు, పిన్ని అన్నం మానేసింది, నేను నోరు మూసుకోవడం నేర్చుకున్నాను. అవతలివాడు ఎక్కడో షూటింగులో ఉన్నట్టున్నాడు, హడావిడిగా చెప్పాడు. నిడివి ఎక్కువైందని ఎడిటింగ్‌లో ఆ సీను తీసేశారట.